అడగండి, చెబుతా: "ఉయ్యాల్లో పడుకోబెడతారట, వెళ్ళమంటారా?"

ఆ మధ్య ఇదే పేజీలో పీటర్ డింక్లేజ్ గురించి నాలుగు ముక్కలు రాశాను. అమెరికా నటుడు, పుట్టుకతో మరుగుజ్జు, ఎత్తు నాలుగున్నర అడుగుల లోపే. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' సీరియల్లో టిరియన్ వేషానికి నాలుగు ఎమ్మీలు (అమెరికా టీవీ అవార్డులు) కొట్టాడు, కెరీర్ మొదట్లో మరుగుజ్జులకి ఇచ్చే మామూలు వేషాలు వద్దని తిప్పి పంపేవాడు అని. అంతే. దానికి కోనసీమ నుంచీ, నరసాపురం, భీమవరం వైపు నుంచీ వచ్చిన ఉత్తరాలు చూశాక ఈ వారం పేజీ మొత్తం వాటికే ఇచ్చేద్దామనిపించింది. ఉత్తరాలు కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: సార్, మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. నాకు 24 ఏళ్ళు, ఎత్తు నాలుగడుగుల ఒక అంగుళం. అమలాపురంలో డిగ్రీ చేశాను. చవితి పందిళ్ళలో, తీర్థాల్లో స్టేజీ మీద కామెడీ చేస్తాను, మిమిక్రీ కూడా వచ్చండి. మొన్న హైదరాబాద్ నుంచి ఒక కోఆర్డినేటర్ ఫోన్ చేసి టీవీ కామెడీ షోలో ఛాన్సుంది, రెండ్రోజుల్లో బయల్దేరు అన్నాడు. ఏం వేషమండీ అంటే చంటోడి వేషం, ఉయ్యాల్లో పడుకోబెట్టి నోట్లో పాలసీసా పెడతారు అన్నాడు. ఆర్టిస్టు కార్డుకని పాతికవేలు ఫోన్‌పే చేయమన్నాడు. మా నాన్న కొబ్బరి దింపు తీస్తారండి. గవర్నమెంటు పరీక్షలు రాసుకోరా అంటున్నారు. ఫ్రెండ్సేమో ఇలాంటి ఛాన్సు మళ్ళీ రాదంటున్నారు. డింక్లేజ్ ఇలాంటివి వద్దన్నాడని మీరే రాశారు కదా, మరి నన్నేం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ పాతికవేలు పంపకు. ఉత్తరం చేరేలోపే పంపేసి ఉంటే స్క్రీన్‌షాట్ దాచిపెట్టి 1930కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చెయ్యి. వేషం వేసినవాడికి డబ్బులు ఇస్తారు గానీ తీసుకోరు. యూనియన్ కార్డు కావాలంటే యూనియన్ ఆఫీసుకి నువ్వే వెళ్ళి, డబ్బు కట్టి, రసీదు తీసుకుంటావు. నీ ఛాన్సు నిజమైనదే అయినా ఆ మనిషికి నువ్వు ఇవ్వాల్సింది పని అయ్యాక కమీషన్, అదీ నీ పేమెంట్‌లోంచి.

ఇక డింక్లేజ్ సంగతి. ఆయన వద్దన్నాడన్నది అందరూ చెప్పుకుంటారు, ఎలా వద్దనగలిగాడన్నది ఎవరూ చెప్పుకోరు. 1991లో కాలేజీ అయిపోయింది. న్యూయార్క్ వచ్చాడు. ఒక ఆఫీసులో ఆరేళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని డేటా ఎంట్రీ చేశాడు, ఇష్టం లేకుండానే. అద్దె దాంట్లోంచి కట్టాడు. క్రిస్మస్ సీజన్‌కి గుబ్బటోపీ పెట్టుకుని గంతులేసే వేషాలు బోలెడు ఉంటాయక్కడ, వాటికి రానంటే రాననగలిగాడంటే నెలాఖరుకి చేతిలో జీతం పడుతోంది కాబట్టి. 1995లో మొదటి సినిమా వచ్చింది. అందులో ఆయనది కూడా మరుగుజ్జు నటుడి వేషమే. సినిమాలో సినిమా తీస్తుంటారు, కల సీన్ అనగానే ఒక మరుగుజ్జుని తెచ్చి నిలబెడతారేంటయ్యా, నాకే అలాంటి కలలు రావు అని డైరెక్టర్ మీద విరుచుకుపడతాడు. చిన్న వేషమే, మాట మాత్రం తనది. హీరోగా 'ది స్టేషన్ ఏజెంట్' వచ్చేసరికి 2003, అప్పటికి 34 ఏళ్ళు. టిరియన్ వేషం 2011లో. డిగ్రీ పట్టా పుచ్చుకున్న నాటికీ దీనికీ మధ్య ఇరవై ఏళ్ళు. నీకు కోఆర్డినేటర్ రెండ్రోజులిచ్చాడు.

అలాగని ఆయన దారి ఒక్కటే దారి అనుకోవద్దు. ఇంగ్లండులో వార్విక్ డేవిస్ అని ఉన్నాడు, ఈయన దారి పూర్తిగా వేరు. మూడున్నర అడుగుల మనిషి. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ రేడియోలో ప్రకటన విని, పొట్టివాళ్ళు కావాలట అని పంపింది. 'స్టార్ వార్స్' మూడో సినిమాలో ఎలుగుబంటి పిల్లలాంటి జీవాల గుంపులో ఒకడిగా వెళ్ళాడు, పదకొండేళ్ళ కుర్రాడు. అందులో ముఖ్యమైన వేషం వేయాల్సిన పెద్దాయనకి తిన్నది పడక జబ్బుచేస్తే ఈ కుర్రాణ్ణి తోశారు. ఆ సినిమా 1983లో వచ్చింది, ఐదేళ్ళకల్లా 'విల్లో'లో హీరో. ఆ తర్వాత ముసుగులు, రబ్బరు మొహాలు, బొచ్చు సూట్లు, దయ్యాలు, హ్యారీ పోటర్‌లో మాస్టారు, బ్యాంకు గాబ్లిన్, ఏదొస్తే అది వేశాడు. కానీ ఊరికే వేసుకుంటూ పోలేదు. 1995లో మామగారితో కలిసి పొట్టి నటులకి పని ఇప్పించే ఏజెన్సీ పెట్టాడు. ఆ మామగారూ పొట్టి నటుడే. అంటే ఫోన్ చేసే కోఆర్డినేటర్ కుర్చీలో తనే కూర్చున్నాడు. తర్వాత టీవీలో క్విజ్ షోకి యాంకర్ అయ్యాడు, అందులో ఎత్తు ప్రసక్తే లేదు. 2025లో బాఫ్టా వాళ్ళు, అంటే బ్రిటన్ సినిమా, టీవీ అకాడమీ వాళ్ళు, తమ పెద్ద గౌరవం, ఫెలోషిప్, ఈయనకిచ్చారు.

మన దగ్గరికొద్దాం, ఎందుకంటే న్యూయార్క్ కథ చెబితే మీ నాన్నగారు నన్ను తిడతారు. కేరళలో గిన్నిస్ పక్రు, అసలు పేరు అజయ్ కుమార్, ఎత్తు 76 సెంటీమీటర్లు. మిమిక్రీ స్టేజీ మీంచి వచ్చినవాడు, నీలాగే. 2005లో 'అద్భుత ద్వీపు' అనే మలయాళ సినిమాలో ప్రధాన వేషం వేసి ప్రపంచంలో అతి పొట్టి హీరోగా గిన్నిస్ రికార్డెక్కాడు, అందుకే ఆ పేరు. అక్కడితో ఆగి ఉంటే రికార్డు పుస్తకంలో ఒక లైను మిగిలేది. 2013లో సినిమా డైరెక్ట్ చేశాడు, ఆ తర్వాత ప్రొడ్యూసర్ కూడా అయ్యాడు. హిందీలో లిలిపుట్ అని గయ నుంచి వచ్చిన నటుడు ఉన్నాడు, 'మీర్జాపూర్'లో దద్దా త్యాగీ అంటే మీ ఫ్రెండ్స్ గుర్తుపడతారు. ఆయన్ని అన్నేళ్ళు నిలబెట్టింది వేషాలొక్కటే కాదు, కలం. దూరదర్శన్‌లో 'దేఖ్ భాయ్ దేఖ్' రాసినవాడాయన. వేషం లేని రోజుల్లో రాసుకున్నాడు.

ఇందులో నీకు కావాల్సింది నీ దగ్గరే ఉంది, మిమిక్రీ. డబ్బింగ్ థియేటర్లో మైకు స్టాండు కిందికి దింపుకున్నాక నువ్వెంత ఎత్తో ఎవడికీ పట్టదు. నీ గొంతులు, నీ సొంత ఐటమ్స్ రెండు మూడు నిమిషాలవి ఫోన్‌లోనే రికార్డు చేసి పెట్టుకో, నిలబడి ఒకటి, కూర్చుని ఒకటి, కామెడీ ఒకటి, కామెడీ అసలు లేనిది ఒకటి. ఆ ఆఖరుదే ముఖ్యం, నీలాంటివాళ్ళ దగ్గర అది ఉంటుందని ఎవడూ ఎదురుచూడడు.

ఇప్పుడు ఉయ్యాల వేషం. నేనైతే ఎప్పుడూ వెయ్యొద్దు అనను, మర్యాద గురించి ఇక్కడ ఏసీ గదిలో కూర్చుని చెప్పడం తేలిక. కానీ ఆ స్కిట్ కాగితం తెప్పించుకుని చదువు. అందులోంచి నీ ఎత్తు తీసేస్తే నీకు ఇంకేమైనా మిగులుతోందా, ఒక్క పంచ్ అయినా నువ్వు వేసేది ఉందా, లేక అందరూ నీ మీద వేసేవేనా చూసుకో. మీద వేసేవే అయితే నీ బదులు బొమ్మని పడుకోబెట్టినా ఆ స్కిట్ నడుస్తుంది. 'జబర్దస్త్'లో నరేష్ చిన్నపిల్లాడి వేషాలు ఎన్ని వేసినా జనానికి గుర్తుండేది టైమింగ్, అది అతని చేతిలో ఉన్నది. ఇంకో సంగతి, సినిమా, టీవీ ఆఫీసుల్లో మనుషుల్ని మొదట వేసిన వేషంతోనే గుర్తుపెట్టుకుంటారు, ఉయ్యాలతో మొదలైతే తర్వాత వచ్చే నాలుగు ఫోన్లూ ఉయ్యాలకే వస్తాయి.

నేను కో-డైరెక్టర్‌గా ఉన్నప్పుడు నరసాపురం రేవులో ఒక షూటింగ్ జరిగింది, గోదావరి దాటించి సఖినేటిపల్లి తీసుకెళ్ళే పంటు మీద. టికెట్లు కొట్టేవాడి వేషానికి నీ అంత ఎత్తున్న నటుణ్ణి పిలిచారు. సీన్ ఏంటంటే చిల్లర దగ్గర గొడవొచ్చి హీరో వీణ్ణి కాలరు పట్టుకుని గాల్లోకి లేపాలి. షాట్‌కి ముందు ఆయన డైరెక్టర్ని పక్కకి పిలిచి, సార్, చొక్కా పట్టి లేపితే బరువంతా మెడ మీద పడుద్ది, నా వెన్నుకి అది పనికిరాదు, ఇంకోటి చేసి చూపిస్తాను, నచ్చకపోతే మానేద్దాం అన్నాడు. టికెట్ చింపి హీరోకివ్వబోతూ చూపుడువేలు ఆడించాడు, ఇలా రా అన్నట్టు. హీరో వంగాడు. చెవిలో ఏదో రేటు చెప్పాడు. హీరో కాదన్నాడు. మళ్ళీ వేలు. ఈసారి ఇంకా కింద నుంచి చెప్పాడు, హీరో ఇంకా వంగాలి. మూడోసారికి ఆరడుగుల హీరో మోకాళ్ళ మీద ఉన్నాడు, రేటు మూడింతలైంది, పంటు మీద బైకులేసుకుని నిలబడ్డ జనం, చేపల గంపల ఆడవాళ్ళు అందరూ విరగబడి నవ్వుతున్నారు, హీరోని చూసి. ఆ టేకే ఓకే అయింది. షాట్ అయ్యాక ప్రొడక్షన్ బాయ్ కుర్చీ తెస్తే ఆయన వద్దని బోర్లించిన చేపల ట్రే మీద కూర్చుని పిక్కలు నొక్కుకుంటున్నాడు. మామూలు కుర్చీలో కూర్చుంటే కాళ్ళు వేలాడి తిమ్మిరెక్కుతాయట.

అందుకే చెబుతున్నా, బయల్దేరే ముందు వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడుగు: నన్నెవరైనా ఎత్తుతారా, విసురుతారా, ఎంతసేపు నిలబడాలి, బొచ్చు సూట్ లాంటిది వేస్తారా, వేస్తే ఎన్ని నిమిషాలకి తీస్తారు, రానూపోనూ ఛార్జీలు, బేటా (రోజువారీ ఖర్చులు), పేమెంట్ ఏ రోజు. అకాండ్రోప్లేసియా అనే రకం మరుగుజ్జుతనంలో వెన్నులోని నరాల దారి పుట్టుకతోనే ఇరుకు, వయసు పెరిగేకొద్దీ ఎక్కువసేపు నిలబడితే కాళ్ళు మొద్దుబారతాయి. నీది ఏ రకమో డాక్టర్ని అడిగి తెలుసుకో, ఆ కాగితం నీ బ్యాగులో ఉండాలి. క్యారవాన్ మెట్లు చూశావా ఎప్పుడైనా, మొదటి మెట్టే నీ మోకాలి పైకి ఉంటుంది, ఒక పీట అడుగు. మొహమాటపడకు.

నాన్నగారి మాట కూడా విను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో మరుగుజ్జుతనం ఒకటి, పెద్దయ్యాక ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు, అంటే 147 సెంటీమీటర్లు, లేదా అంతకు తక్కువుంటే. వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్లో 40 శాతం వస్తే ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్లో నీకూ వాటా ఉంది, నెలకి 6,000 పెన్షన్ ఉంది. డింక్లేజ్‌కి డేటా ఎంట్రీ ఎలాంటిదో నీకు ఇది అలాంటిది. పరీక్షకి చదువు, శనాదివారాలు స్టేజీ ఎక్కు, వీడియోలు పంపు. ఆ కోఆర్డినేటర్ నిజమైనవాడైతే పాతికవేలు లేకుండా కూడా పిలుస్తాడు.

ప్రశ్న: నేను పాలకొల్లులో టీచర్ని. పరిషత్తు పోటీలకి నాటిక రాస్తున్నాను. మా బృందంలో ఒక మరుగుజ్జు కుర్రాడు కొత్తగా చేరాడు. గొంతు అమోఘం, పద్యం అందుకుంటే చివరి బెంచీ దాకా వినిపిస్తుంది. వామనుడు, సర్కస్ జోకరు తప్ప నాకింకేం తోచడం లేదు. ఏం రాయమంటారు?

జవాబు: మాస్టారూ, అల్లు రామలింగయ్య గారి ఊళ్ళో ఉండి నన్నడుగుతున్నారా! వామనుడి వేషంతో ఒక చిక్కుంది, చప్పట్లన్నీ ఆయన పెరిగాకే పడతాయి, అప్పుడు మీ కుర్రాడు సైడ్ వింగ్‌లో ఉంటాడు.

మీ చుట్టూ చూడండి. రొయ్యల చెరువుల దగ్గర కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో, తేల్చే కమీషన్ ఏజెంటుని రాయండి, నలభై కౌంటుని యాభై అని చెప్పి రైతుని ముంచేవాణ్ణి. మంచివాడుగా, పాపం అనిపించేట్టుగా రాయకండి, ఆ జాలి కూడా జోకరు టోపీకి అన్నదమ్ముడే. మైకేల్ డన్ అని 1960ల్లో హాలీవుడ్‌లో ఒక మరుగుజ్జు నటుడుండేవాడు, 1965 నాటి 'షిప్ ఆఫ్ ఫూల్స్' సినిమాకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది, టీవీలో జనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది మాత్రం ఒక సీరియల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే తెలివైన విలన్‌గా. డింక్లేజ్ 'ఎక్స్-మెన్' సినిమా ఒకదాంట్లో ఆయుధాల కంపెనీ అధిపతి. ఆ వేషానికి ఎత్తుతో పనే లేదు, ఎవరు వేసినా నడిచే వేషం, అందుకే ఆయన వేయడం బాగుంటుంది. లిండా హంట్ ఇంకా ముందుకెళ్ళింది. నాలుగడుగుల తొమ్మిదంగుళాల ఆవిడ, మగవాడి వేషం వేసి ఆస్కార్ కొట్టింది, 1984లో. ఆ తర్వాత 2009లో మొదలైన 'ఎన్‌సీఐఎస్: లాస్ ఏంజెలెస్' సీరియల్లో కండలు తిరిగిన ఏజెంట్లందరికీ పైఆఫీసర్.

ఎత్తు ఎక్కడ రావాలంటే పనిలో రావాలి, డైలాగులో వద్దు. కాటా పళ్ళెం అతనికి అందే ఎత్తులో పెట్టండి, అతని షెడ్డు కదా అది, అతనికి వీలుగానే ఉంటుంది, వచ్చిన రైతే వంగి చూడాలి. ఇద్దరూ మాట్లాడుకునేటప్పుడు అవతలివాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టండి, కళ్ళు సమానంగా కలుస్తాయి. గొంతుక్కూర్చుని మాట్లాడించకండి, అది పిల్లలతో మాట్లాడే తీరు. పరిషత్తు స్టేజీల మీద మైకులు పైనుంచి వేలాడదీస్తారు కదా, అతనికి విడిగా ఒకటి కింద పెట్టించండి, లైటు ఫోకస్ కూడా ముందే చూసుకోండి, లేకపోతే అందరి మొహాలూ వెలిగి అతనిది చీకట్లో ఉంటుంది. ఇవన్నీ రాసే ముందు ఆ కుర్రాడితో ఒక సాయంత్రం కూర్చోండి, నాకంటే ఎక్కువ చెబుతాడు.

ప్రశ్న: మా పాప వయసు నాలుగేళ్ళు. అకాండ్రోప్లేసియా అని కాకినాడలో డాక్టర్లు చెప్పారు. మాటలు భలే చెబుతుంది. మా మరిది రీల్స్ తీసి పెడితే లక్షల్లో చూస్తున్నారు. ఎవరో సీరియల్ వాళ్ళు కూడా అడిగారు. పంపమంటారా? ఇంకో బాధ, గ్రహణం రోజు నేను బయటికెళ్ళడం వల్లే ఇలా పుట్టిందని మా అత్తగారు రోజూ దెప్పుతారు. – రావులపాలెం దగ్గర ఒక తల్లి

జవాబు: అమ్మా, రెండోది ముందు చెబుతాను. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఎముకలు పెరిగే తీరుని చూసుకునే ఒక జన్యువులో చిన్న మార్పు వస్తే ఇలా అవుతుంది, ఇలా పుట్టినవాళ్ళలో నూటికి 80 మందికి అమ్మానాన్నలిద్దరూ మామూలు ఎత్తువాళ్ళే, ఆ మార్పు కొత్తగా దానంతటదే వస్తుంది. నీ తప్పు లేదు, నీ భర్త తప్పూ లేదు. ఈ పేజీ కత్తిరించి అత్తగారికి కనబడేచోట పెట్టు. పాపకి గురకగానీ, నిద్రలో ఊపిరి ఆగినట్టుండటంగానీ, కాళ్ళలో బలం తగ్గడంగానీ కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించు. ఎముకల పెరుగుదలకి రోజూ ఇచ్చే ఇంజెక్షన్ ఒకటి 2021లో అమెరికాలో, యూరప్‌లో అనుమతి పొందింది, చాలా ఖరీదు, పాపకి పనికొస్తుందో లేదో మీ డాక్టర్నే అడుగు. ఫలానా పొడి తింటే పొడుగవుతారు అనేవాళ్ళ జోలికి పోకు.

రీల్స్ గురించి నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను, ఆపేయించు. కింద కామెంట్లు నువ్వు చదివే ఉంటావు. ఇప్పుడు పాపకి చదవడం రాదు, ఇంకో మూడేళ్ళకి వస్తుంది. వాళ్ళు నవ్వుతున్నది మాటలకో ఎత్తుకో తేడా తెలియని వయసులో అలవాటు చేస్తే, తేడా తెలిశాక స్టేజీ అంటేనే పడదు. నిజంగా నటన మీద ఇష్టముంటే పదేళ్ళొచ్చాక కూడా ఉంటుంది. బళ్ళో ఆనివర్సరీకి నాటకం వేయించు, అందరితోపాటు.

ఎప్పుడైనా సీరియల్ వాళ్ళకి సరేనంటే ఇది గుర్తుపెట్టుకో. పిల్లలతో పని చేయించాలంటే ముందు షూటింగ్ జరిగే జిల్లా కలెక్టర్ దగ్గర అనుమతి తీసుకోవాల్సిన బాధ్యత వాళ్ళది. రోజుకి ఐదు గంటలు దాటకూడదు, మధ్యలో విశ్రాంతి లేకుండా మూడు గంటలు మించకూడదు. పాప సంపాదనలో కనీసం 20 శాతం పాప పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. ఈ మూడూ అడిగితే వాళ్ళ మొహం ఎలా మారుతుందో చూడు, సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

ప్రశ్న: పొట్టివాళ్ళ మీద కామెడీ స్కిట్ వస్తే మా ఇంట్లో అందరం నవ్వుతాం. మా అబ్బాయి మాత్రం అది తప్పు, కేసు కూడా పెట్టొచ్చు అంటాడు. నవ్వడం కూడా నేరమేనా? – తణుకు

జవాబు: నవ్వితే నేరం కాదండీ, సోఫాలో కూర్చుని నిశ్చింతగా నవ్వండి. అబ్బాయి చెప్పింది కూడా గాలికి చెప్పింది కాదు. ఇందాక చెప్పిన 2016 చట్టంలోనే సెక్షన్ 92 ఉంది, నలుగురి ముందు ఒక వికలాంగుణ్ణి అవమానించాలనే ఉద్దేశంతో కావాలని కించపరిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. 2024 జూలైలో సుప్రీంకోర్టు కూడా ఒక సినిమా మీద వచ్చిన కేసులో వైకల్యాన్ని తెర మీద ఎలా చూపించాలో కొన్ని మాటలు చెప్పింది. వైకల్యం మీద హాస్యమే కూడదని అనలేదు. అవతలి మనిషి జీవితం అర్థమయ్యేలా చేసే హాస్యం వేరు, ఆ మనిషిని తక్కువ చేసే హాస్యం వేరు, రెండూ కలిపేయొద్దంది. వాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళని కూడా కలుపుకోండి అని కూడా చెప్పింది.

ఇంట్లో చూసుకోవడానికి ఒక చిన్న లెక్క చెబుతాను. స్కిట్ చూస్తున్నప్పుడు మీ పక్కింటి పొట్టివాడు కూడా మీ సోఫాలోనే కూర్చున్నాడనుకోండి. ఆ జోకుకి అప్పుడూ అంతే నవ్వగలిగితే నవ్వేయండి. పంటు మీద సీన్ అయితే అతను మీకంటే గట్టిగా నవ్వుతాడు.

ప్రశ్న: మరుగుజ్జు హీరో పాత్రలన్నీ పెద్ద హీరోలే గ్రాఫిక్స్‌తో వేసేస్తే అసలు మరుగుజ్జులకి వేషాలెక్కడివి? కమల్ హాసన్ చేసింది మాత్రం సూపర్ కదా! – భీమవరం, కమల్ అభిమాని

జవాబు: మీరే ప్రశ్న వేసి మీరే జవాబు చెప్పేశారు. 1989లో 'విచిత్ర సోదరులు' వచ్చినప్పుడు గ్రాఫిక్స్ ఎక్కడివి? సింగీతం శ్రీనివాసరావు గారి బుర్ర, కమల్ గారి మోకాళ్ళు. కాళ్ళు వెనక్కి మడిచి మోకాళ్ళకి ప్రత్యేకమైన బూట్లు తొడిగారు, కొన్ని షాట్లకి గోతులు తవ్వి అందులో నడిపించారు. అందులో అప్పు అనే ఆ మరుగుజ్జు పాత్ర ఇప్పుడు చూసినా ప్రేమిస్తాడు, ఏడుస్తాడు, పగ తీర్చుకుంటాడు, అన్నీ పూర్తి మనిషి పనులే. రచన అంత బాగుంది కాబట్టే నాకు ఆ సినిమా చూసినప్పుడల్లా ఒకటి అనిపిస్తుంది, ఇంత మంచి వేషం అసలు మరుగుజ్జు నటుడికి ఒక్కసారైనా ఎవరైనా రాస్తే ఏం చేసి ఉండేవాడో అని. 2018లో షారుఖ్ ఖాన్ 'జీరో' చేశాడు, దానికి కంప్యూటర్లున్నాయి, కష్టం తగ్గింది, అప్పు పాత్ర మనసుకి తగిలినట్టు మాత్రం ఆ పాత్ర నాకు తగల్లేదు. పెద్ద హీరో ఉంటేనే డబ్బు పెడతారన్నది నిజమే. ఆ డబ్బుతో పక్కన రెండు వేషాలైనా అసలువాళ్ళకి రాయొచ్చు కదా.

ప్రశ్న: 'స్టార్ వార్స్'లో నీలం తెలుపు రంగుల చిన్న రోబో లోపల నిజంగా మనిషి ఉన్నాడా? పందెం కాశాం సార్. – యానాం, ఇంటర్ విద్యార్థులు

జవాబు: ఉన్నాడు. కెన్నీ బేకర్, మూడడుగుల ఎనిమిదంగుళాలు, ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ వాడు. దూరంగా వేగంగా దొర్లే షాట్లకి రిమోట్ బొమ్మ, అటూఇటూ ఊగుతూ అలిగినట్టుండే షాట్లకి లోపల ఈయన. 1977లో మొదటి సినిమా వచ్చింది, 2016లో పోయారు. పైన వార్విక్ డేవిస్ కథలో తిన్నది పడక పడకేసిన పెద్దాయన ఉన్నాడే, ఆయనా ఈయనే. పందెం ఎంతో రాయలేదు, ఓడినవాళ్ళు కట్టేయండి.

కోఆర్డినేటర్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసి పంపుతున్నవాళ్ళకి ఒక మాట. వాటిని పత్రికలో వేయలేం, మీ దగ్గర ఉన్న రసీదులతో దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళండి. వచ్చే వారం రికార్డింగ్ డాన్సుల ఆర్టిస్టుల పేమెంట్ల మీద వచ్చిన ఉత్తరాలు.